బిళ్ళ తీసిన పూట

పద్దెనిమిది పేజీల ఆ ఒప్పందంలో నేను రాసిన వాక్యం ఒకే ఒక్కటి. పదకొండో షరతు. "పిల్లల ఇష్టాయిష్టాలు అడిగేది వాళ్ళు నోరు తెరిచి మాట్లాడగలిగిన స్థితిలో ఉన్నప్పుడే." చదవడానికి ఎంత ముచ్చటగా ఉందో చూడండి. ఆ ముచ్చటైన వాక్యం పద్నాలుగు మంది పిల్లల్ని ఏం చేసిందో నేనే చెప్పాలి. ఇంకెవరు చెప్పినా నన్ను కాస్త వెనకేసుకొస్తారు.

నా పేరు పైడిరాజు. విజయనగరంలో ముప్ఫై రెండేళ్ళు డ్రిల్లు మాస్టారుగా చేశాను. మెడలో విజిలు, జేబులో స్టాప్ వాచీ. కాళ్ళు నొప్పులన్నవాణ్ణీ, కడుపు నొప్పన్నవాణ్ణీ ఒకే గాటన కట్టి గ్రౌండు చుట్టూ పరిగెత్తించేవాణ్ణి. ఎనిమిదో తరగతిలో వరహాలని ఒక పిల్ల ఉండేది. డ్రిల్లు పీరియడు వచ్చిందంటే గోడ నీడన కూలబడేది. "సోంబేరీ, నీకేం లేదు, లే" అని ఒకరోజు మూడు రౌండ్లు కొట్టించాను. ఆ మర్నాటి నుంచి బడికి రాలేదు. మంచం పట్టిందన్నారు. నాటకాలన్నాను.

రిటైరయ్యాక ఒకరోజు పేపర్లో చదివాను. కొందరు పిల్లలకి ఒక జ్వరం వచ్చి తగ్గాక అలసట మాత్రం తగ్గదట. ఏళ్ళ తరబడి ఉండిపోతుందట. కాస్త నడిస్తే వారం రోజులు లేవలేరట. చదువుతుంటే నా కళ్ళముందు గోడ నీడ కనిపించింది. పేపరు మడిచి పక్కన పెట్టేశాను.

అందుకే భీమిలి రోడ్డులోని పరిశోధనాలయం వాళ్ళు తమ నైతిక సంఘానికి ఒక సామాన్యుడు కావాలన్నప్పుడు నేనే వెళ్ళి అడిగాను. పిల్లల మీద ఏ ప్రయోగం చేయాలన్నా ఆ సంఘం ఒప్పుకోవాలి. అందులో డాక్టర్లుంటారు, లాయరుంటాడు, పైన ఒక రిటైర్డ్ జడ్జిగారు. వీళ్ళతోబాటు పెద్ద చదువులు అక్కర్లేని మనిషొకడు ఉండి తీరాలని రూలు. ఆ మనిషిని నేను. తల్లిదండ్రులు సంతకం పెడితే చాలదు, ఏడేళ్ళు దాటిన పిల్లలు తామే నోటితో సరేననాలి, ఎప్పుడు వద్దంటే అప్పుడు ఆపేయాలి అని ఇంకో రూలు. ఆ రూలు నాకు తెగ నచ్చింది. నా డ్రిల్లు పీరియడులో అలాంటిది ఉండేది కాదు మరి.

జూన్‌లో జరిగిన మొదటి సమావేశానికి యమునని చక్రాల కుర్చీలో తీసుకొచ్చారు. పలాస పిల్ల, పదకొండేళ్ళు. వెలుగు పడదని నల్లద్దాలు పెట్టారు. తల్లి దమయంతి జీడిపప్పు బట్టీలో తొక్క తీసే పని చేస్తుంది. జీడి రసానికి ఆమె వేళ్ళు నల్లగా కాలి ఉన్నాయి. తండ్రి లారీ మీద ఒడిశా వైపు తిరుగుతాడు.

జడ్జిగారు వంగి, "అమ్మా, ఈ ప్రయోగం నీకిష్టమేనా?" అని అడిగారు.

పిల్ల పెదాలు కదిలాయి. మాట రాలేదు. చేతికిచ్చిన పెన్ను జారి కింద పడింది. దమయంతి కొంగుతో పిల్ల నోరు తుడిచి, "రెండేళ్ళనుంచి ఇదే బాబూ. మాటాడితే సాయంత్రానికి జొరం వచ్చీస్తాది" అంది.

వెంటనే అనేశాను: "ఎందుకండీ బిడ్డని ఇలా బాధపెట్టడం? ఆ బిళ్ళేదో పెట్టండి. ఓపికొచ్చి నోరు తెరిచాక అడుగుదాం. వద్దంటే అప్పుడే తీసేద్దాం."

అందరూ తలలూపారు. "సామాన్య సభ్యుడు ఉండాలనేది ఇందుకే" అన్నారు జడ్జిగారు. నేను కుర్చీలో కాస్త నిటారుగా కూర్చున్నాను. అలా పుట్టింది పదకొండో షరతు.

బిళ్ళంటే పాత అర్ధరూపాయంత ఉంటుంది. కనిపెట్టింది డాక్టర్ ఇందుమతి. చెవి వెనక అంటిస్తే, ఒంట్లోంచి మెదడుకి వెళ్ళే అలసట కబురుని మెడ దగ్గరే ఆపేస్తుంది. "ఈ పిల్లల ఒంట్లో లోపమేం లేదు మాస్టారూ. కబురే అబద్ధం. దొంగ లేకపోయినా కుక్క మొరుగుతోంది. మనం కుక్కని ఊరుకోబెడుతున్నాం, అంతే" అందావిడ. ఆవిడ చెల్లెలు ఇదే జబ్బుతో పదకొండేళ్ళు మంచంలో ఉండి చనిపోయిందని, ఆఖరి వరకూ చుట్టాలంతా బద్ధకమనే అన్నారని తర్వాత తెలిసింది. ఆవిడకి ఇది ఉద్యోగం కాదు.

యమునకి బిళ్ళ అంటించారు. పావుగంట కాలేదు, పిల్ల నల్లద్దాలు తీసి కిటికీ వైపు చూసింది. "అమ్మా, ఆకలేస్తంది" అంది. దమయంతి ఆ నల్లటి వేళ్ళతో మొహం కప్పుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

జడ్జిగారు మళ్ళీ అడిగారు. "ఇష్టమే. దీన్ని తియ్యకండి" అంది యమున.

నేను సంతకం పెట్టాను.

ఆ తర్వాతి నెలలు నా జీవితంలోకల్లా మంచి నెలలు. పిల్లలు నెలకి మూడు రోజులు పరిశోధనాలయానికి వచ్చేవారు. బరువు, రక్తం, గుండె, నడక అన్నీ చూసేవారు. అన్నీ బాగుండేవి. మొదటి సోమవారం నేను వెళ్ళి ఒక్కొక్కరినీ మూడు ప్రశ్నలు అడిగేవాణ్ణి. బాగున్నావా? ఉంచమంటావా? ఎవరైనా బలవంతం చేస్తున్నారా? ఒక్కొక్కరికి రెండు నిమిషాలు. పద్నాలుగు మందీ ఉంచమనే అనేవారు. అరగంటలో పని అయిపోయేది. తర్వాత పిల్లల్ని సముద్రపు ఒడ్డున ఇసుకలోకి తీసుకెళ్ళేవాణ్ణి.

యమున పరుగు చూడాలి. పాదం నేలని తాకీ తాకనట్టు తీస్తుంది. ముప్ఫై రెండేళ్ళలో అలాంటి కాళ్ళు నాలుగో అయిదో చూశానంతే. వంద మీటర్లు కొలిచి స్టాప్ వాచీ నొక్కాను. చూసుకుని మళ్ళీ చూసుకున్నాను. "ఇంకోసారి పరిగెడతాను మాస్టారూ" అందది. "పరిగెత్తు" అన్నాను. అలసిపోయావా అని అడగలేదు. అలసటే లేని పిల్లని ఏమని అడుగుతాం?

దసరా సెలవులయ్యాక వాళ్ళ బడిలో పరుగు పందెం ఉందని చెప్పింది. మేకుల బూట్లు నా డబ్బుతోనే కొన్నాను. ప్రయోగంలో ఉన్న పిల్లకి సంఘం మనిషి బహుమతులివ్వకూడదని ఎక్కడో రాసి ఉంటుంది. రాసుంటే రాసుండనీ అనుకుని ఒక ఆదివారం పలాస రైలెక్కాను.

వాళ్ళిల్లు రైల్వే గేటు అవతల. నేను వెళ్ళేసరికి పెరట్లో దమయంతి కూతురికి తలంటుతోంది. కుంకుడు పులుసు వాసన వీధిలోకి వస్తోంది. బిళ్ళ తడవకూడదు కదా, తీసి గూట్లో పసుపు డబ్బా మీద పెట్టింది.

"రండి మాస్టారూ, కూకోండి. దీని తలంటు అయిపోనాది, ఇదిగో" అంది దమయంతి.

పీట మీద యమున ఉంది. ఉందంటే, తల్లి మోకాళ్ళ మధ్య ఇరుక్కుని ఉంది. తల వెనక్కి వాలిపోయింది. తల్లి ఒక చేత్తో మెడ పట్టుకుని ఇంకో చేత్తో చెంబు వంచుతోంది. నెలల పాపకి నీళ్ళు పోస్తున్నట్టు పోస్తోంది.

పిల్ల కళ్ళు మూసుకునే ఏదో గొణిగింది. నేను దగ్గరికి వెళ్ళాను.

"బిళ్ళ పెట్టొద్దమ్మా" అంటోంది.

దమయంతి నవ్వింది. "ప్రెతీ ఆదివారం ఇదే పాట. కుంకుడు రసం కంట్లో పడితే ఏ గుంట పేచీ పెట్టదు సెప్పండి? బిళ్ళ పెట్టీగానే అదే మాట మార్చీస్తాది."

నేనూ నవ్వాను. తలంటంటే ఏడవని పిల్లలుంటారా? ఆ తర్వాత నా నవ్వు ఆగింది. నాకు జూన్‌లో చూసిన యమున గుర్తొచ్చింది. మాట రాకపోయినా ఆ రోజు చక్రాల కుర్చీలో మెడ నిలబెట్టుకునే కూర్చుంది.

"దమయంతమ్మా, బిళ్ళ రాక ముందు తలంటుకి ఎలా కూర్చునేది?"

"పీట మీద తనే కూకునేది. తూలితే పట్టుకునేదాన్ని."

"ఈ మెడ వాలడం ఎప్పటినుంచి?"

ఆమె చెంబు ఆపింది. "వినాయక చవితి కాడినుంచి కాబోలు. ముందు బాగానే కూకుంది. తరవాత ఒరిగిపోయేది. ఇప్పుడిలగ. బిళ్ళ పెట్టీగానే లేసి గెంతుతాది కదా, నానేటీ పట్టించుకోనేదు." చెంబు మళ్ళీ నీళ్ళలో ముంచుతూ, "మీరెవలూ అడగనేదు కూడా" అంది.

నిజమే. అడగలేదు. బిళ్ళ పెట్టుకున్న పిల్లని బాగున్నావా అని అడిగాం. బిళ్ళ పెట్టుకున్న పిల్ల రక్తం తీశాం. అలా అడగమని షరతు రాసింది నేను.

తల తుడిచి దమయంతి బిళ్ళ అంటించింది. కాసేపటికి యమున లేచి, బూట్లు చూసి ఎగిరి గంతేసింది. "మాస్టారూ, నాకేనా!" బూట్లు దాని చేతికిచ్చి బయటపడ్డాను.

ఆ మధ్యాహ్నమే పలాస స్టేషన్లో బెంచీ మీద కూర్చుని మిగతా పదమూడు మంది తల్లులకీ ఫోన్ చేశాను. అందరినీ ఒకటే అడిగాను. తలంటు పోసేటప్పుడు బిడ్డ ఎలా ఉంటోందమ్మా? రాజాం ఆవిడ మంచం మీద పడుకోబెట్టి పోస్తున్నానంది. టెక్కలి ఆవిడ ఈ మధ్య తలంటడమే మానేశానంది. "మూర్ఛొచ్చినట్టయిపోతున్నాడండీ, బయమేసి మానీసినాను." మాకెందుకు చెప్పలేదని అడిగితే, చెబితే బిళ్ళ తీసేస్తారేమోనని భయమంది.

మర్నాడు ఇందుమతిగారి గదిలో ఇదంతా చెప్పాను. ఆవిడ ముందు కోప్పడింది. "నా దగ్గర అయిదు నెలల లెక్కలున్నాయి. మీరు పెరట్లో చూసినదాంతో..." అని ఆగిపోయింది. నా మొహంలో ఏం చూసిందో. ఆ వారమే పిల్లలందరినీ పిలిపించి, బిళ్ళలు తీయించి, గంట ఆగి రక్తం తీయించింది.

ఫలితాలు వచ్చిన రోజు నన్ను పిలిచింది. కాగితాలు నా వైపు తిప్పింది గానీ తను వాటి వంక చూడలేదు.

"ప్రతి కణంలోనూ కాస్త శక్తి నిలవ ఉంటుంది మాస్టారూ. జూన్‌లో యమునకి వంద ఉందనుకోండి. ఇప్పుడు అరవై ఒకటి. బిళ్ళ ఉన్నంతసేపూ ఒళ్ళు ఆ నిలవనే తోడి వాడేస్తోంది, అందుకే పైకి లెక్కలన్నీ బాగున్నాయి. ఆ కబురు అబద్ధం కాదు. ఒంట్లో నిలవ లేదని నిజమే చెబుతోంది. నేను దాని నోరు నొక్కాను. మా చెల్లి..." ఆవిడ కాగితాలు బోర్లించింది. "మా చెల్లి కూడా నిజమే చెప్పింది."

నాకేసి నేను చూసుకున్నాను. నీకేం లేదు, లే. ముప్ఫై రెండేళ్ళు నేను విజిలుతో చేసిన పనే ఈ బిళ్ళ చేసింది. నాకన్నా బాగా చేసింది, అంతే తేడా.

పిల్లలందరికీ బిళ్ళల వాడకం అప్పటికి ఆపించి సంఘం సమావేశం పెట్టారు. ఇందుమతిగారు ఒక దారి చూపించింది. రోజుకి రెండు గంటలే పెడితే నిలవ పెద్దగా తగ్గకపోవచ్చు. తగ్గదని హామీ లేదు. పూర్తిగా తీసేస్తే నిలవ మెల్లగా పెరగవచ్చు, దానికీ హామీ లేదు. పద్నాలుగు మంది తల్లిదండ్రులూ రెండు గంటలకీ ఒప్పుకున్నారు. ఎందుకు ఒప్పుకోరు? బిడ్డ లేచి నిలబడి, ఆకలేస్తోందని అనే రెండు గంటలు.

"ఇక పిల్లల్ని అడగాలి" అన్నారు జడ్జిగారు. "ఎప్పుడు అడగాలి? బిళ్ళ పెట్టా, తీశా?"

నేను లేచి నిలబడ్డాను. పదకొండో షరతు నాదేనని, అది తప్పని, తీసేయమని అడిగాను. బిళ్ళ తీసి, ఎంతసేపైనా ఆగి అడుగుదామన్నాను. లాయరు ఒప్పుకోలేదు. ఒంట్లో బాగాలేని మనిషి మాట ఎలా నమ్ముతామన్నాడు. ఆఖరికి జడ్జిగారు రెండు పూటలా అడుగుదామన్నారు. ఒకరోజు రెండు గంటలు పెట్టి, మర్నాడు తీసి. ఏ మాట చెల్లుతుందో విన్నాక తేలుద్దామన్నారు.

బిళ్ళ పెట్టిన సాయంత్రం యమున నా దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. నేనిచ్చిన బూట్లు వేసుకుంది. "మాస్టారూ, రేపు బిళ్ళ తీసీసినాక నాను ఏటన్నా నమ్మకండి. అది నాను కాదు. దానికి ఏడుపు తప్ప ఏటీ తెల్దు. నాకు పరిగెట్టాలనుంది." నా చెయ్యి పట్టుకుంది. "మాటివ్వండి."

నేను మాటివ్వలేదు. ఇవ్వలేదని దాని కళ్ళు నీళ్ళతో నిండాయి. ఆ కళ్ళు కూడా అబద్ధం చెప్పడం లేదు. అదే నన్ను తినేసింది.

మర్నాడు పొద్దున్న పదింటికి తెరలు దించిన గదిలో యమున మంచం చుట్టూ కూర్చున్నాం. జడ్జిగారు, ఇందుమతిగారు, నేను. దమయంతిని ఉండనిచ్చారు, మాట్లాడకూడదన్నారు. జడ్జిగారు మెల్లగా అడిగారు: "యమునా, రోజుకి రెండు గంటలు బిళ్ళ పెట్టమంటావా?"

పిల్ల కళ్ళు తెరవలేదు. మేం ఆగాం. అయిదు నిమిషాలు. పది. నా జీవితంలో ఏ పిల్ల జవాబు కోసమూ నేను పది క్షణాలు ఆగి ఎరగను. ఏదో ఒకటి అందించాలని నాలుక పీకుతోంది. పంటి కింద నొక్కిపట్టాను. దమయంతి నల్లటి వేళ్ళు ఒకదాన్నొకటి నలుపుకుంటున్నాయి. ఇరవై నిమిషాలయింది. జడ్జిగారు గడియారం చూసుకోలేదు. ఆయనకి ఆ విషయంలో ఎప్పటికీ దణ్ణం పెడతాను.

నలభై నిమిషాలకి యమున నోరు తెరిచింది. ఒక్కో మాటకీ మధ్య ఊపిరి తీసుకుంటూ చెప్పింది.

"నిన్న... పరిగెట్టింది కూడా... నానే."

మళ్ళీ చాలాసేపు.

"బావుంటాది. కానీ... దానికి అలుపు రాదు. దాని అలుపంతా... నాకు ఒగ్గేసి పోతాది. వొద్దు."

కాసేపయ్యాక కళ్ళు తెరవకుండానే, "వొద్దంటే... అమ్మ ఏడుస్తాది. అందుకే... సెప్పనేదు" అంది.

దమయంతి నోట్లో కొంగు కుక్కుకుని గది బయటికి వెళ్ళిపోయింది.

పిల్లలందరినీ అడిగాక, సంఘంలో ఏ మాట చెల్లుతుందని జడ్జిగారు నన్నే ముందు అడిగారు. "పరిగెత్తే పిల్ల మాటా నిజమే, పడుకున్న పిల్ల మాటా నిజమే. కానీ మోసేది పడుకున్న పిల్ల. మోసేవాళ్ళని అడగాలండి" అన్నాను. ఓటు లేకపోయినా ఇందుమతిగారు నా తర్వాత చెయ్యెత్తింది. లాయరు ఆఖరికి ఎత్తాడు.

పద్నాలుగు మందిలో పది మంది వద్దన్నారు. నలుగురు బిళ్ళ లేకుండా పడుకుని ఉండి కూడా ఆ రెండు గంటలూ కావాలన్నారు. వాళ్ళకి అలాగే ఇచ్చాం. వాళ్ళదీ మాటే కదా.

కారెక్కేముందు దమయంతి నా ఎదురుగా వచ్చి నిలబడింది. "మా గుంట కాళ్ళు తీసీసినారు మాస్టారూ. దేవుడు ఒకసారి తీసినాడు, మీరు రెండోసారి తీసినారు." బూట్లు నా చేతిలో పెట్టింది. కారు కదిలేదాకా వాటిని పట్టుకుని నిలబడ్డాను.

చలికాలమంతా నేను పలాస వెళ్ళలేదు. వరహాలు ఎక్కడుందోనని వాకబు చేశాను. ఆ కుటుంబం ఊరొదిలి చాలా ఏళ్ళయిందన్నారు. ఎటు వెళ్ళారో ఎవరూ చెప్పలేకపోయారు.

మార్చిలో దమయంతి ఫోన్ చేసింది. "ఆదివారం రండి" అని పెట్టేసింది. మంచీ చెడూ ఏం చెప్పలేదు.

నేను వెళ్ళేసరికి పెరట్లో కుంకుడు పులుసు వాసన. యమున పీట మీద కూర్చుని ఉంది. తనే కూర్చుని ఉంది. వెనక గోడకి ఆనుకుంది, మెడ మాత్రం నిలబడి ఉంది. తల్లి మోకాళ్ళు దానికి తగలకుండా పక్కన ఉన్నాయి. నా చెయ్యి అలవాటుగా జేబులోని స్టాప్ వాచీ మీదికి పోయింది. తీయలేదు.

దమయంతి తల రుద్దింది. ఒక చెంబు పోసింది. రెండో చెంబు పోసింది. నురగ ఇంకా జుట్టు నిండా ఉంది. బకెట్లో నీళ్ళూ ఉన్నాయి.

"సాలమ్మా" అంది యమున.

దమయంతి చెంబు కింద పెట్టేసింది. కూతురి జుట్టుని నురగతోనే తువ్వాలులో చుట్టి, రెండు చేతులతో ఎత్తుకుని లోపలికి తీసుకెళ్ళి పడుకోబెట్టింది.